ఆ పాటలు పద్నాలుగేళ్ళు మైకులో పాడినదాన్ని

పదిహేనేళ్ళ మీ అమ్మాయికి గుండమ్మ కథ పెడితే సగంలో లేచి, "పెళ్ళాన్ని ఏడిపించడం కామెడీనా?" అని గదిలోకెళ్ళి తలుపేసుకుందన్నారు. ఇలాంటి పాత పాటల సినిమాలు ఈ కాలం పిల్లలకి చూపించాలా, ఇంక పక్కన పెట్టేయాలా అన్నది మీ ప్రశ్న.

నేను సినిమా పండితురాలిని కాను. మాది తెనాలి దగ్గర, దుగ్గిరాల పక్కనే చిన్న ఊరు. 1986 నుంచి 2000 దాకా ఆర్కెస్ట్రాలో ఫిమేల్ వాయిస్‌ని. పెళ్ళిళ్ళు, శ్రీరామనవమి పందిళ్ళు, వినాయక నవరాత్రులు, కాలేజీ ఫంక్షన్లు. మా వైపు ఆ రోజుల్లో విజయా వారి పాటలు లేకుండా ప్రోగ్రాం మొదలయ్యేది కాదు. అందులో ఊరి అభిమానం కూడా ఉంది లెండి. ఆ సంస్థని నాగిరెడ్డిగారితో కలిసి నడిపిన చక్రపాణిది తెనాలి ఐతానగరం. జమున పెరిగింది దుగ్గిరాలలో. సావిత్రిది చిర్రావూరు. అంతా మా చుట్టుపక్కల వాళ్ళే. మిస్సమ్మ, మాయాబజార్, గుండమ్మ కథ, ఈ మూడింటి పాటలూ ఎన్ని వందలసార్లు పాడానో లెక్కలేదు. నాకు తెలిసిందల్లా ఆ పాడటంలో తెలిసిందే.

ముందు మీ అమ్మాయి సంగతి. ఆ పిల్ల లేచింది సరోజ భాగం దగ్గరే అయ్యుంటుంది. డబ్బున్న ఇంట్లో గారాబంగా పెరిగిన సరోజకి పొగరు దించాలని మొగుడు పేదవాడి వేషం వేసి, ఇంట్లోంచి తీసుకుపోయి, కూలి పని చేయిస్తాడు. అది చూపించి మనల్ని నవ్వమంటారు. దీన్ని సమర్థించే మాట నా దగ్గర ఒక్కటీ లేదు. అత్త గయ్యాళి అయితే ఆవిణ్ణి ఇంకో గయ్యాళితో కొట్టించడం, కూతురు టెక్కులాడి అయితే మొగుడితో దించడం, ఇంటెడు చాకిరీ నోరెత్తకుండా చేసిన సవతి కూతురు లక్ష్మికి చివరికి మంచి మార్కులు. కథగా చూస్తే ఆడవాళ్ళకి పెట్టిన పరీక్షే అది. మీ అమ్మాయికి కోపం రావడం న్యాయం. నాకు ఆ వయసులో రాలేదు, అదీ నిజమే. నేను నేల టికెట్టులో కూర్చుని పడీపడీ నవ్వాను.

కానీ ఆ సినిమాల్లో కథ ఒకటి, పాట ఒకటి. రెండూ ఎప్పుడూ ఒకే మాట చెప్పవు. అది నాకు తెలిసిన చోటు చెబుతాను.

"లేచింది నిద్ర లేచింది మహిళాలోకం" పాట అందరికీ తెలుసు. ఘంటసాల ఒక్కడే పాడింది కాబట్టి నాకు అందులో పని లేదు, కుర్చీలో కూర్చుని చూసేదాన్ని. పెళ్ళికొడుకు స్నేహితులు చీటీ రాసి మరీ పంపేవాళ్ళు. ఆ పాటలో ఏముంది? ఆడవాళ్ళు పంచాయితీల్లోకి వచ్చారు, ఉద్యోగాల్లోకి వచ్చారు, మగవాళ్ళకి పని లేకుండా చేశారు, ఢిల్లీ దాకా పోయి ఉపన్యాసాలు దంచారు, విడాకుల చట్టం తెచ్చారు అని ఎకసెక్కం. సినిమా 1962లో వచ్చింది. హిందూ వివాహ చట్టం 1955లోది. అంటే ఏడేళ్ళు గడిచినా ఆ దెబ్బ మానలేదన్నమాట మగ ప్రపంచానికి! విడాకుల మాట వచ్చే లైను దగ్గర కుర్రాళ్ళు ఈలలు వేసేవాళ్ళు.

ఒకసారి కొల్లూరు వైపు ఒక పెళ్ళిలో ఇదే పాట నడుస్తోంది. స్టేజీ వెనకే గాడిపొయ్యిలు. అక్కడ కూరగాయలు తరుగుతున్న ఆడవాళ్ళు కూడా పడీపడీ నవ్వుతున్నారు. నాకు ఒళ్ళు మండింది. పాట అయ్యాక మంచినీళ్ళకి వెళ్ళి, "మిమ్మల్నే కదే పిన్నీ తిడుతున్నాడు, నవ్వుతారేం?" అన్నాను. డెబ్భై ఏళ్ళ ముసలావిడ ఒకావిడ, కత్తిపీట మీంచి లేవకుండానే, "తిట్టుకోనీవే. రుబ్బుతున్నది వాడేగా!" అంది.

నేను ఆ సినిమా అప్పటికి నాలుగైదుసార్లు చూశాను. ఆ ముక్క నాకు తట్టలేదు. రామారావు నిక్కరు వేసుకుని రుబ్బురోలు ముందు కూర్చుని పిండి రుబ్బుతూ ఆ పాట పాడతాడు. పక్కన సావిత్రి నవ్వుతూ ఉంటుంది. ఆంధ్రదేశంలో అంత పెద్ద హీరో, అప్పటికే కృష్ణుడిగా ఇంటింటా పటం కట్టించుకున్న మనిషి, ఆడవాళ్ళ పని చేస్తూ, ఆడవాళ్ళు మగవాళ్ళ పని లాక్కున్నారని ఏడుస్తున్నాడు. పాట మాటలు విన్న కుర్రాళ్ళు ఒకటి విన్నారు. బొమ్మ గుర్తున్న ఆడవాళ్ళు ఇంకొకటి చూశారు. రోజూ జబ్బలు పడిపోయేలా రుబ్బేవాళ్ళకి ఆ దృశ్యం ఎంత సుఖంగా ఉండి ఉంటుందో మిక్సీలొచ్చాక పుట్టినవాళ్ళకి చెప్పలేం. పింగళి నాగేంద్రరావు ఆ మాటలు ఏ ఉద్దేశంతో రాశాడో ఆయనకే తెలియాలి. నాకైతే ఆ ముసలావిడ చెప్పిన అర్థమే మిగిలింది.

ఇక మిస్సమ్మ. 1955. బి.ఏ. చదివిన అమ్మాయి, అప్పు తీర్చడానికి ఉద్యోగం కావాలి, భార్యాభర్తలకే ఉద్యోగం అంటే ముక్కూ మొహం తెలియని వాడితో మొగుడూ పెళ్ళాల నాటకానికి ఒప్పుకుంటుంది. బెంగాలీ మూలం ఉన్న కథ. సినిమా అంతా ఆ పిల్ల చిరాగ్గానే ఉంటుంది, ఎవరి మెప్పు కోసమూ నవ్వదు. అలాంటి హీరోయిన్ని ఇప్పుడు రాయమనండి చూద్దాం.

అందులో జంట పాటలున్నాయి. అంటే డ్యూయెట్లు కాదు. ఒక పాట, దానికి జవాబు పాట. ఆ హీరోయిన్ మేరీ, ఉద్యోగమిచ్చిన జమీందారు కూతురు సీతకి పాఠం చెబుతున్నట్టు "తెలుసుకొనవె చెల్లీ" పాడుతుంది. మగవాళ్ళకి దూరంగా ఉండాలి, పని ఉన్నా మనంతట మనం వాళ్ళ దగ్గరికి పోకూడదు, అలుసైపోతాం, పది మాటలకి ఒక్క మాట కూడా బదులు చెప్పకూడదు. దెబ్బ పక్కన వింటున్న ఆ నాటకపు మొగుడు రావుకి తగలాలని. తర్వాత రావు అదే వరసలో "తెలుసుకొనవె యువతీ" అని తిప్పికొడతాడు. యువకుల్ని శాసించడానికే యువతులు అవతరించారట, సాధింపులూ బెదిరింపులూ ఇంక కుదరవట, అలకలూ మూతి బిగింపులూ పాత విద్యలట. మొదటిది పాడింది లీల, రెండోది ఏ.ఎం.రాజా.

మేం స్టేజీ మీద ఈ రెండూ వెనకా ముందూ పాడేవాళ్ళం. నేను మొదటిది పాడితే చప్పట్లు మర్యాదగా పడేవి. రెండోది మొదలవగానే పందిరి లేచిపోయేది. ఎప్పుడూ అంతే. జవాబు చెప్పేవాడిదే పైచేయి కదా.

1993లో అనుకుంటా, ఒక ఆడపిల్లల కాలేజీలో ప్రోగ్రాం. మా మేల్ వాయిస్ బస్సు తప్పిపోయింది. ట్రూప్ లీడర్ తల పట్టుకున్నాడు. డ్యూయెట్లు ఎగరగొట్టి సోలోలతో లాగించాం గానీ, "తెలుసుకొనవె చెల్లీ" అవగానే పిల్లలు "రెండోది, రెండోది" అని అరుపులు. కీబోర్డు అబ్బాయి నా వైపు చూసి శ్రుతి నాకు సరిపడేంత పైకి మార్చేశాడు. సరే అని నేనే పాడాను, "తెలుసుకొనవె యువతీ" అని.

నమ్మండి, అది వేరే పాట. యువకుల్ని శాసించడానికే యువతులు పుట్టారన్న మాట రాజా గొంతులో వెక్కిరింత. ఆడగొంతులో అనేసరికి అది వెక్కిరింతలా లేదు, ఎవరో ప్రకటన చదివినట్టుంది. ముందు వరసలో పిల్లలు ఒక్క క్షణం తెల్లబోయి, తర్వాత బల్లలు చరిచారు. నాకూ ఉత్సాహం వచ్చింది. కానీ చివరి చరణానికి వచ్చేసరికి ఆ ఉత్సాహం జావ అయిపోయింది. మగువలెప్పుడూ మగవాళ్ళని చిరునవ్వులతోనే గెలవాలి అని ఉంటుంది అక్కడ. అంతకుముందు వందసార్లు పక్కన నిలబడి విన్న లైను. నా నోటితో అనవలసి వచ్చినప్పుడు గొంతులో అడ్డం పడింది. పాడాను, పేమెంట్ తీసుకున్నాను కాబట్టి. కానీ ఆ రోజు నుంచి ఏ పాటైనా ఇంకొకరి గొంతులో ఎలా ఉంటుందో మనసులో వేసి చూడటం అలవాటైంది.

అలా చూస్తే అదే సినిమాలో "రావోయి చందమామ" గట్టిగా నిలబడింది. మొగుడి మీద పెళ్ళాం, పెళ్ళాం మీద మొగుడు చందమామకి చెప్పుకునే చాడీలు. అతనికెన్ని చరణాలో ఆమెకీ అన్నే. అతను పెళ్ళాం "మనం" అన్న మాటే అననివ్వదంటాడు, ఆమె మాటలన్నీ బూటకమంటుంది. ఎవరూ గెలవరు. గొంతులు తారుమారు చేసి పాడినా ఏమీ తేడా రాదు. ఒకసారి రిహార్సల్లో సరదాకి పాడి చూశాం కూడా.

గుండమ్మ కథలో "ప్రేమయాత్రలకు బృందావనము" పాట మాత్రం ఆ పరీక్షలో నిలబడదు. వరస ఎంత హాయిగా ఉంటుందో! మా పెళ్ళిరోజుకి ఇప్పటికీ మా ఆయన అదే పెట్టమంటాడు. అందులో అతను అంటాడు, చెలి పక్కన ఉండగా వేరే స్వర్గం ఎందుకని. ఆమె అంటుంది, పతి ఎదురుగా ఉండగా వేరే దైవం ఎందుకని. పాడుతున్నన్నాళ్ళూ రెండూ ఒకేలాంటి పొగడ్తలనుకున్నాను. ఆమె స్వర్గం, అతను దేవుడు. స్వర్గం అంటే చోటు కదా. దేవుడంటే అక్కడ పీట వేసుకుని కూర్చునేవాడు. తిప్పి పాడి చూడండి, "పతి చెంతనుండగా వేరే స్వర్గమేల" అని ఆడది, "సతి ఎదురుండగా వేరే దైవమేల" అని మగాడు. ఛందస్సు చెడదు. వినేవాళ్ళ మొహాలే మారతాయి. మా ఆయనకి చెబితే, "అయితే ఇప్పుడు నేను లేచి నిలబడాలా?" అన్నాడు. కాఫీ పెట్టుకురమ్మన్నాను.

మాయాబజార్ గురించి చెప్పకపోతే పాపం తగులుతుంది. మీ అమ్మాయికి మొత్తం సినిమా వద్దులెండి, "అహ నా పెళ్ళంట" ఒక్కటి చూపించండి. శశిరేఖ రూపంలో ఉన్నది ఘటోత్కచుడు. అంటే సావిత్రి అనే ఆడమనిషి, ఆడపిల్లగా నటిస్తున్న మగవాడిగా నటించాలి. చుట్టూ చెలికత్తెలున్నప్పుడు ఒయ్యారం, తల వంచడం, ఓరచూపు. ఒక్క క్షణం ఏమరగానే ఛాతీ విరుచుకుని నడక, భుజాలెగరేయడం. మళ్ళీ చటుక్కున సిగ్గు. 1957లో తీశారు. సిగ్గనేది ఆడదానికి పుట్టుకతో వస్తుందని పురాణాల నుంచీ చెప్పుకుంటూ వచ్చిన జాతికి, అది నేర్చుకుంటే రాక్షసుడికి కూడా వస్తుందని మూడు నిమిషాల్లో చూపించేశారు. ఎవరూ గమనించినట్టు లేదు, నవ్వారంతే.

నేను గమనించడానికి కారణం ఉంది. నాకు కూడా ఆ సిగ్గు నేర్పించారు. చేరిన కొత్తలో మా ట్రూప్ లీడర్, "పాట బాగుంది గానీ అమ్మాయ్, జనాన్ని సూటిగా చూడకు. తల కాస్త దించు. రెండు పాటల మధ్య పవిట సర్దుకో, బాగుంటుంది" అన్నాడు. పవిట బాగానే ఉన్నా సర్దుకోమని! మేల్ వాయిస్‌కి చెప్పింది వేరు. మైకు చేత్తో పట్టుకుని స్టేజీ అంతా తిరగమన్నాడు. నాకు మాత్రం స్టాండు మైకు. అతనికి ప్రోగ్రాంకి 150, నాకు 75. "నీకు తోడు మీ అన్నయ్య వస్తున్నాడు కదా, అతని భోజనం మాదే" అని లెక్క చెప్పేవాడు. మూడేళ్ళు నమ్మాను ఆ లెక్క.

పెళ్ళి చూపులు మొదలైనప్పుడు ఇంకో తమాషా. వచ్చిన ప్రతివాళ్ళూ "ఏదమ్మా, ఒక పాట పాడు" అనేవాళ్ళు. చాప మీద కూర్చుని పాడితే "ఎంత చక్కటి గొంతు" అని మెచ్చుకునేవాళ్ళు. ఎక్కడ నేర్చుకున్నావంటే ఆర్కెస్ట్రాలో పాడతానని చెప్పగానే ఫలహారం ప్లేటు కింద పెట్టేసేవాళ్ళు. ఒక సంబంధం వాళ్ళయితే మా నాన్నతో, "పార్టీల్లో పాడే పిల్లని తెలియక వచ్చామండీ" అని క్షమాపణ చెప్పి మరీ వెళ్ళారు. అదే గొంతు, అదే పాట. చాప మీద ఒకటి, స్టేజీ మీద ఒకటి.

అలాంటి రోజుల్లో నాకు భానుమతిగారి పేరు తలుచుకుంటే ధైర్యం. మల్లీశ్వరిలో తన పాటలు తనే పాడుకుంది. 1953లో చండీరాణి తనే డైరెక్ట్ చేసింది, అదీ మూడు భాషల్లో. మిస్సమ్మగా మొదట తీసుకున్నది ఆవిడనే. చక్రపాణితో మాట పట్టింపు వచ్చి, కొన్ని రీళ్ళు తీశాక తప్పుకుంది. సావిత్రికి ఆ వేషం వచ్చింది. సావిత్రి అద్భుతం, దానికి తిరుగులేదు. కానీ భానుమతి చేసుంటే "తెలుసుకొనవె చెల్లీ" ఆవిడ గొంతుతోనే వచ్చేది. దానికి జవాబు పాడటానికి రాజాకి ఎంత గుండె కావాల్సొచ్చేదో అని నవ్వుకుంటూ ఉంటాను. సూర్యకాంతం సంగతి కూడా ఇలాంటిదే. గుండమ్మగా ఆవిడ ఎంత బాగా తిట్టిందంటే సూర్యకాంతం అన్న పేరు ఆడపిల్లలకి పెట్టడం మానేశారంటారు. ఎన్టీఆర్, ఏఎన్నార్ ఇద్దరూ ఉన్న సినిమాకి ఆవిడ పాత్ర పేరు పెట్టారు. ఆ గౌరవం మాత్రం ఎవరూ చెప్పుకోరు.

పాత సినిమాలు చెడ్డవి, తర్వాతవి మెరుగని మీ అమ్మాయి అనుకుంటే మాత్రం ఒప్పుకోకండి. 1980లో శంకరాభరణం వచ్చింది. నేను పాటలు నేర్చుకున్నదే ఆ క్యాసెట్ అరగదీసి. వాణీజయరాం పాడిన ప్రతి సంగతీ నాకు కంఠతా. కానీ తులసిని చూడండి. సంగీతం కోసం, గురువు శంకరశాస్త్రి కోసం బతుకంతా ధారపోసే మనిషి. ఆవిడ కాళ్ళకి గజ్జెలిచ్చారు, కళ్ళకి నీళ్ళిచ్చారు, నోటికి మాత్రం వేళ్ళ మీద లెక్కపెట్టేన్ని మాటలు. చివరికి ఆయన పాదాల దగ్గర ప్రాణం వదులుతుంది. థియేటర్లో నేనూ ఏడ్చాను. రుబ్బురోలు పాట కంటే ఇదే నన్ను ఎక్కువ కాలం తిప్పలు పెట్టింది. గుండమ్మ కథలో ఆడవాళ్ళు తిట్టడానికైనా నోరు విప్పారు. ఇక్కడ మౌనాన్నే పూజ చేశారు. గొప్ప సినిమా కాబట్టి ఎవరూ ఈ మాట అనరు. నేను కూడా ఇంత గట్టిగా అనడం ఇదే మొదటిసారి.

కాబట్టి మీ ప్రశ్నకి నా జవాబు, చూపించండి. కానీ పక్కన కూర్చుని "మా కాలంలో అంతేనమ్మా" అని సర్దిచెప్పకండి, ఆ మాటకి పిల్లలకి ఇంకా కోపం వస్తుంది. సరోజ ముక్క దగ్గర ఆ అమ్మాయి కోపం ఆ అమ్మాయినే పడనివ్వండి. ఇంకో రోజు పాటలు విడిగా పెట్టండి. ఒక కిటుకు చెబుతాను. రుబ్బురోలు పాట ముందు సౌండ్ తీసేసి బొమ్మ మాత్రమే చూపించండి. తర్వాత సౌండ్ పెట్టండి.

మొన్న వేసవి సెలవుల్లో మా తొమ్మిదేళ్ళ మనవరాలికి అలాగే చూపించాను. సౌండ్ లేకుండా చూస్తూ, "అమ్మమ్మా, అంకుల్ పిండి బాగా రుబ్బుతున్నాడు" అంది. రుబ్బురోలు అంటే ఏమిటో చెప్పాను. తర్వాత సౌండ్ పెట్టాను. ఆడవాళ్ళు ఉద్యోగాల్లోకి వచ్చేశారు, చట్టాలు తెచ్చేశారు అని ఘంటసాల అందుకున్నాడు. మాటలు అర్థం కాని చోట నన్ను అడిగి తెలుసుకుంటూ పాట మొత్తం విని, చివర్లో నా వైపు తిరిగింది.

"మరి పిండి రుబ్బడానికి ఇంత గొడవ ఎందుకు చేస్తున్నాడు?"